మా చర్చి లైబ్రరీలో దుఃఖం అర: కొన్నేళ్లుగా వాడుతున్న పాఠకురాలి సమీక్ష

అమ్మ పోయాక నాకు బాగా అక్కరకొచ్చింది మా సంఘం లైబ్రరీ. రుసుమేమీ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక తెరుస్తారు. వ్యాఖ్యానాలు, సాక్ష్యాలు, పిల్లల బైబిలు కథలు అన్ని చర్చిల్లో ఉండేవే కాబట్టి వాటి గురించి చెప్పను. దుఃఖం, ఆందోళన, డిప్రెషన్ గురించిన పుస్తకాలకు విడిగా ఒక అర కేటాయించారు, నేను రాసేది దాని గురించే.

బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన కూర్చున్నారు. చిక్కంతా వాళ్లు మాట్లాడటం మొదలుపెట్టి, తప్పు అతనిదే అన్నాకే వచ్చింది. ఈ అరలోనూ ఆ రెండు రకాలూ ఉన్నాయి. పక్కన కూర్చునే రకానికి నేను చెప్పేది క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ పుస్తకం 'ఎ గ్రీఫ్ అబ్జర్వ్డ్'. 1960లో భార్య చనిపోయాక నోటుబుక్కుల్లో రాసుకున్నది, 1961లో మారుపేరుతో వచ్చింది. దేవుణ్ణి వెతుక్కుంటూ వెళ్తే తలుపు మూసేసినట్టుందని అంతటి విశ్వాసి రాసుకున్నాడంటే, ప్రార్థన నోట రాని రోజుల్లో నాకెంత ధైర్యమొచ్చిందో!

రెండో రకం పల్చటి కరపత్రాలు. ఏడిస్తే విశ్వాసం తగ్గినట్టేనని చెప్పేవి. వాటిని తీసేయమని నిర్వాహకులను ఇప్పటికే అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను. నిరీక్షణ (ఆశ) లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు పౌలు (1 థెస్సలొనీకయులకు 4:13). అసలు దుఃఖపడొద్దని అనలేదు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడు కదా.

నాకు బాగా నచ్చినది ఇంకొకటుంది. చావు ఎదురైనప్పుడు మనసు అయిదు దశలు (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, అంగీకారం) దాటుతుందని చెప్పిన మనోవైద్యురాలు కూబ్లర్-రాస్ 1969 నాటి పుస్తకం అట్ట లోపల ఎవరో చేత్తో రాసిన చీటీ అంటించారు: "ఈ అయిదు దశలు చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవి. మీకు ఇదే వరుసలో రావాలని లేదు." కోపం దశ ఇంకా రాలేదేమిటని కంగారుపడేవాళ్లకు ఆ రెండు వాక్యాలు చాలు. ప్రతి పుస్తకంలోనూ ఇలాంటి చీటీ ఉంటే బాగుండు.

లోటు చెప్పాలంటే, తెలుగు పుస్తకాలు మరీ తక్కువ. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఆ అర దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇక రిజిస్టరు. బల్ల మీద తెరిచే ఉంటుంది. డిప్రెషన్ పుస్తకం ఎవరు తీసుకున్నారో తర్వాత సంతకం పెట్టేవాళ్లందరికీ కనబడుతుంది. పేరుకు బదులు కార్డు నంబరు రాయించుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. సిగ్గుపడి తీసుకోకుండా వెళ్లిపోయేవాళ్లకే ఆ పుస్తకం అవసరం ఎక్కువ.

పుస్తకంతో తీరని దుఃఖం కూడా ఉంటుంది. ఏడాది దాటినా రోజువారీ పనులు సాగనివ్వనంత తీవ్రంగా ఉంటే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఏడాది కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. డాక్టరు దగ్గరికో కౌన్సెలరు దగ్గరికో ఎప్పుడు వెళ్లాలో చెప్పే కాగితం ఆ అర మీద అంటించాలి. ఇప్పటికి లేదు.

కొత్తగా వెళ్లేవాళ్లు మొదట సన్నటి పుస్తకమే తీసుకోండి. తొలి నెలల్లో చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతూ ఉండిపోతాం. గడువు దాటేలా ఉంటే ముందే చెప్పండి, ఎందుకని అడక్కుండా పొడిగిస్తారు.