టెలివైద్యమా, డిజిటల్ ఆరోగ్య రికార్డా: పల్లెకు ముందు ఏది?

2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవని ద్వారా ఊరి ఉపకేంద్రం నుంచే రోగి దూరాన ఉన్న వైద్యుడితో వీడియోలో మాట్లాడవచ్చు. సలహా, మందుల చీటీ అక్కడికక్కడే అందుతాయి. బస్సు ఛార్జీ, ఆ రోజు కూలి మిగులుతాయి. పేదవారికి అది చిన్న మేలు కాదు.

డిజిటల్ రికార్డు మేలు అంత త్వరగా కనిపించదు. ఒక్కొక్కరికి ఇచ్చే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్య ‘ఆభా’కు పరీక్షల ఫలితాలు, మందుల వివరాలు జతపడాలంటే ఎవరో ఒకరు ఓపిగ్గా నమోదు చేయాలి. రిజిస్టర్లు మాన్పించకుండా ఊళ్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం చేతికి ట్యాబ్ కూడా ఇస్తే అది రెట్టింపు చాకిరీ, అన్యాయం.

అయినా నా ఓటు రికార్డుకే. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో నిమ్స్‌కో వచ్చే గుండెజబ్బు రోగి దగ్గర పాత కాగితాలు లేకపోతే, ఏ మందు పడలేదో కొత్త వైద్యుడికి ఎలా తెలుస్తుంది? వీడియోలో చూసే వైద్యుడికీ అదే ఇబ్బంది. పాత బీపీ, షుగర్ అంకెలు లేకుండా ఆయన చాలావరకు ఊహ మీదే ఆధారపడాలి.

2022లో తెలంగాణ ప్రభుత్వం ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ప్రజల ఆరోగ్య వివరాలను డిజిటల్‌గా నమోదు చేసే హెల్త్ ప్రొఫైల్‌ను ప్రయోగాత్మకంగా చేపట్టింది. సిగ్నల్ లేని అటవీ గ్రామంలోనూ వివరాలు ట్యాబ్‌లో నమోదు చేసి, తర్వాత పంపే ఏర్పాటు చేయవచ్చు. వీడియో సంప్రదింపుకు ఆ వెసులుబాటు లేదు.