ఏటిగట్టు నుంచి నైలు గట్టుకు

ముక్తేశ్వరం దగ్గర గౌతమి ఏటిగట్టును ఆనుకొని ఉన్న మా ఇంటి నుంచి, దాళ్వా నాట్లు పూర్తయిన వెంటనే, నేను, మా ఆవిడ, అమ్మ, బాబాయి, పిన్ని ఈజిప్టుకు బయలుదేరాము. మధురపూడిలో విమానమెక్కి, హైదరాబాదు, గల్ఫ్ మీదుగా కైరో చేరాము. పది రోజుల్లో నాలుగు కైరోకు, ఆరు నైలు ఎగువకు కేటాయించుకున్నాము. ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవారు ఎవరైనా వెళ్ళదలచుకుంటే కైరోకు రెండు రోజులు చాలునని, మిగిలినదంతా నదికే ఇవ్వమని చెబుతాను.

గిజాలో పిరమిడ్లకు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో దిగాము. డాబా మీద కూర్చుని పలహారం చేస్తూ ఖుఫు రాజు పిరమిడ్‌ను చూడగలగడం ఆ బసకున్న గొప్ప సౌకర్యం. అయితే లిఫ్టు లేదు, గదులు ఇరుకు, అర్ధరాత్రి దాటినా హారన్ల మోత ఆగదు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ రోజుకు రెండుసార్లు మూడంతస్తులు ఎక్కవలసి వచ్చింది. సుమారు 4,500 ఏళ్ళ నాడు, దాదాపు 23 లక్షల రాళ్ళతో, 146 మీటర్ల ఎత్తున లేపిన ఆ కట్టడం పాదం దగ్గర నిలబడినప్పుడు అయిదుగురిలో ఒక్కరికీ మాట రాలేదు. లోపలికి వెళ్ళడానికి వేరే టిక్కెట్టు కొనాలి, నడుము వంచి ఇరుకు దారిలో పైకి పాకాలి, చివర కనిపించేది ఖాళీ రాతి తొట్టె ఉన్న ఒక గది. పెద్దవాళ్ళను బయటే కూర్చోబెట్టడం మంచిది. ఒంటె మీద ఫొటో ఉచితమని ఎక్కించినవాడు దించడానికి డబ్బు అడుగుతాడు కనుక ముందే కాదనండి. కైరోలో మాకు కుదిరిన గైడు పాపిరస్ దుకాణంలోను, అత్తరు దుకాణంలోను కలిపి ఒక పూట వృథా చేశాడు. అది నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే ఆ పూట మ్యూజియానికి ఇవ్వవలసినది.

2025 నవంబరులో పూర్తిగా తెరిచిన ఆ కొత్త గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియంలో టూటన్‌ఖామున్ అనే రాజు సమాధి వస్తువులు అయిదు వేలకు పైగా ఒకేచోట ఉన్నాయి. జనమంతా బంగారు ముసుగు దగ్గరే గుమిగూడితే, బాబాయి మాత్రం ఖుఫు పడవ దగ్గర నుంచి కదలలేదు. 1954లో పిరమిడ్ పక్కన గోతిలో, విడదీసి పేర్చిన 1,224 ముక్కలుగా దొరికిన దేవదారు పడవ అది. పొడవు 43 మీటర్లకు పైనే. పలకలకు బెజ్జాలు పెట్టి తాళ్ళతో కుట్టారు తప్ప ఎక్కడా మేకుతో బిగించలేదు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి పక్కనే, తాళ్ళరేవులో చెక్క పడవల పని చూస్తూ పెరిగిన బాబాయి, ఆ కుట్లు నీటిలో తాళ్ళు ఉబ్బి ఎలా బిగుస్తాయో మాకు చెప్పిన తీరు ఏ గైడూ చెప్పలేదు.

లక్సర్ నుంచి అస్వాన్ వరకు నాలుగు రాత్రులు పడవ మీదే బస. గదులు శుభ్రంగా ఉన్నాయి. మాంసం, గుడ్డు ముట్టనివారున్నారని ముందే చెప్పడం వల్ల పప్పు చారు, గింజల కూరలు, అన్నం ప్రతి పూటా వేరుగా వండిపెట్టారు. (బయట తినవలసినప్పుడు బియ్యం, పప్పు, మాకరోనీ, శనగలు, వేయించిన ఉల్లిపాయలు కలిపిన కోషరీ దొరుకుతుంది, మేము తీసుకువెళ్ళిన ఆవకాయ దానికి బాగా కుదిరింది.) ఒక లోపం మాత్రం తెలుసుకొని వెళ్ళాలి: రేవులో పడవలను ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు, అప్పుడు కిటికీ తెర తీస్తే నైలుకు బదులు పక్క పడవ గది కనిపిస్తుంది. పై అంతస్తు గది తీసుకున్నా ఈ ఇబ్బంది తప్పదు. ఎస్నా లాకుల దగ్గర మా వంతు కోసం చాలాసేపు ఆగాము. తలుపులు మూసి, తొట్టిలోకి నీరు వదలి పడవను పైమట్టానికి లేపుతుంటే, చిన్నప్పుడు ధవళేశ్వరం లాకుల్లో ప్రయాణికుల పడవ ఎక్కిన బాబాయికి వివరించవలసినది ఏమీ లేకపోయింది.

లక్సర్‌లోని కర్నాక్ గుడిలో 134 స్తంభాల మండపానికి ఉదయాన్నే వెళ్ళండి, ఎండెక్కితే జనం మధ్య రాళ్ళు కనిపించవు. ఎడ్ఫూ గుడికి జట్కాలో తీసుకువెళ్ళారు. గుర్రాలు బక్కచిక్కి ఉన్నాయి, తిరుగు ప్రయాణంలో మేము టాక్సీ అడిగి ఎక్కాము.

కొమ్ ఓంబోలో మొసలి దేవుడి గుడి ప్రక్కనున్న గుండ్రని బావిని చాలామంది చూడకుండానే దాటిపోతారు. అది నైలు మట్టాన్ని కొలిచే బావి. కైరోలో రోడా ద్వీపం మీద 861లో కట్టిన మరొకటి ఉంది; దానిలో మధ్యన నిలిపిన స్తంభం మీద మూరల గీతలున్నాయి. పూర్వం వరద దాదాపు పదహారు మూరలు వస్తే పంట పుష్కలమని, తగ్గితే కరవని, మించితే ముంపని లెక్క. ఆ మట్టాన్నిబట్టే పన్ను నిర్ణయించేవారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది అని ఆషాఢం నుంచీ చెవులు రిక్కించి వినే మాకు ఆ బావి ఏ సమాధికన్నా దగ్గరగా అనిపించింది. 1970లో పూర్తయిన అస్వాన్ హై డామ్ తరువాత అక్కడ ఎర్రనీరు రాదు, ఒండ్రు డెల్టా దాకా చేరదు.

ఆ డామ్ నీటిలో మునగకూడదనే అబూ సింబెల్ గుళ్ళను 1964 నుంచి 1968 వరకు ముక్కలుగా కోసి, పాత చోటికన్నా 65 మీటర్ల ఎత్తున మళ్ళీ కట్టారు. అస్వాన్ నుంచి 280 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాలి. ఆ శ్రమ తప్పక పడవలసినదే.

చివరి రెండు రాత్రులు అస్వాన్‌లో ఒక నూబియన్ ఇంట్లో ఉన్నాము. నీలం రంగు గోడలు, గుమ్మటంలాంటి కప్పు, చల్లని వాకిలి. వేడినీళ్ళు ఉదయం మాత్రమే వస్తాయి. మొత్తం ప్రయాణంలో ఇదే నాకు నచ్చిన బస. ఆ ఇంటి పెద్దావిడ అత్తగారి ఊరు ఇప్పుడు ఆ డామ్ వెనుక నిలిచిన నాసర్ సరస్సు అడుగున ఉంది. పోలవరం ముంపులో ఇల్లు పోయిన చుట్టాలు మాకూ ఉన్నారు కనుక ఆ రాత్రి మాట్లాడుకున్నది గుళ్ళ గురించి కాదు. 1986 వరదలో మా ఇంట్లో నీరు ఎంత వరకు వచ్చిందో అమ్మ చేయి రొమ్ముకు ఆనించి చూపించింది. ఆ పెద్దావిడ తన చేతిని తలపైకి, ఇంకా పైకి ఎత్తింది.

ఆ ఇంట్లో గదులు నాలుగే. చలికాలంలో వెళ్ళేవారు ముందుగా చెప్పుకోవాలి.