కుకీలు తుడిచే క్లీనర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

బ్రౌజింగ్‌కి ‘పూర్తి ప్రైవసీ’ ఇస్తామంటూ ఒక క్లీనర్ యాడ్ ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. నేను కొన్నాను. పేరు రాయడం లేదు, ఇదే బాపతువి ఇంకా చాలా ఉన్నాయి.

ముందు ఉచితంగా స్కాన్ చేసి, ఎర్ర అక్షరాల్లో ‘1,164 ముప్పులు’ అని చూపించింది. వివరాలు నొక్కి చూస్తే అన్నీ కుకీలే, అంటే సైట్లు మన బ్రౌజర్లో దాచుకునే చిన్న చిన్న ఫైళ్లే. నా మెయిల్ లాగిన్‌ని గుర్తుపెట్టుకునేది, షాపింగ్ కార్ట్‌ని నిలిపి ఉంచేది కూడా ముప్పులేనట! డబ్బు కట్టాక ‘ఫిక్స్’ నొక్కితే అన్నీ కలిపి ఊడ్చేసింది. ఇక ప్రతి సైట్లో మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఓటీపీ. ఆ తర్వాత రెండు న్యూస్ సైట్లు తెరిచి స్కాన్ చేస్తే ముప్పులు మళ్లీ వందల్లో. యాడ్ కంపెనీల కుకీలు పేజీతో పాటే వచ్చి కూర్చుంటాయి, వాటిని రాకుండా ఆపాలి గానీ తుడుస్తూ కూర్చుంటే ఏం లాభం?

అసలు టెన్షన్ దాని ఎక్స్‌టెన్షన్‌తో, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్‌తో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు క్రోమ్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది: అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా అంతా ఇది చదవగలదు, మార్చగలదు అని. యాడ్ కుకీకి మీరు ఏయే సైట్లు తిరిగారో తెలుస్తుంది. ఈ అనుమతి ఉన్న ఎక్స్‌టెన్షన్ మీరు పేజీలో టైప్ చేసింది కూడా చూడగలదు. కాపలాకి పెట్టుకున్నవాడికి బీరువా తాళం ఇచ్చినట్టే. ఇది ఉత్త అనుమానం కాదు. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, తన యూజర్ల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న కేసులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. ‘ది గ్రేట్ సస్పెండర్’ అనే ఎక్స్‌టెన్షన్‌ని కూడా, చేతులు మారాక అందులో మాల్‌వేర్ ఉందంటూ 2021లో గూగుల్ తీసేసింది.

ఇక డబ్బు సంగతి. ట్రయల్ 2 రూపాయలే అన్నారు. కానీ అక్కడ యూపీఐ పిన్ కొట్టించుకుంది ఆటోపే కోసం, అంటే ఆ తర్వాత డబ్బు దానంతటదే కట్ అయ్యేందుకు. ట్రయల్ అయిపోగానే 1,499 రూపాయలు కట్ అయ్యాయి. కట్ చేసే 24 గంటల ముందు చెప్పాలని ఆర్‌బీఐ నియమం. చెప్పారు లెండి, ఆఫర్ల ఎస్సెమ్మెస్‌ల గుంపులో. క్లీనర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఆటోపే ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే దగ్గరికి వెళ్లి మ్యాండేట్‌ని, అంటే మీరిచ్చిన ఆ అనుమతిని రద్దు చేయాల్సిందే.

కుకీల పని బ్రౌజర్లోనే ఉచితంగా అయిపోతుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలను (మీరు తెరిచిన సైట్‌వి కాకుండా యాడ్ కంపెనీల్లాంటి బయటివాళ్లవి) బ్లాక్ చేయండి. సఫారీ 2020 నుంచి వాటిని తనంతట తానే ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్ కుకీలను ఆ సైట్‌కే కట్టేసి ఉంచుతోంది. ఒక్క సైట్‌వే తీసేయాలంటే అడ్రస్ బార్‌లో ఎడమవైపు గుర్తు నొక్కితే చాలు, మిగతా లాగిన్లు పోవు. ఇన్‌కాగ్నిటో మీద మాత్రం మరీ భరోసా వద్దు. అది మీ కంప్యూటర్లో హిస్టరీ మిగలకుండా చూస్తుందంతే, సైట్లకు మీరు కనిపిస్తూనే ఉంటారు.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు ఆటోపే స్క్రీన్‌షాట్, ట్రయల్ యాడ్ రెండూ దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. కంపెనీ చాట్‌లో అడిగితే మాత్రం ‘నో రీఫండ్ పాలసీ’ అని ఒకటే పాట.