పెడల్ లేనిదే పలకని ట్రెమొలో

నా గిటారు వాల్వు ఆంప్‌లోని ట్రెమొలో, అంటే శబ్దం అలలా పెరుగుతూ తగ్గుతూ పలికే తీరు, నాకు ప్రాణం. దాన్ని కాలితో నొక్కే పెడల్ తీగకు కట్టిపడేసిన పద్ధతి చూస్తే మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండుతుంది. 1960లలో ఫెండర్ కంపెనీ డీలక్స్ రివర్బ్ ఆంప్‌లో వచ్చిన ఏబీ763 సర్క్యూట్ ప్రకారం చేత్తో కట్టించుకున్న ఆంప్ ఇది. దాని నాదం గురించి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు.

ఇందులో ట్రెమొలో ఊపును పుట్టించే ఆసిలేటర్ వాల్వు గ్రిడ్‌ను (వాల్వును అదుపు చేసే జాలిని) బయాస్ సప్లై నుంచి వచ్చే నెగెటివ్ వోల్టేజీ అణచి ఉంచుతుంది. పెడల్ నొక్కితే ఆ వోల్టేజీ గ్రౌండ్‌కు కలిసి ఆ పట్టు సడలుతుంది. ఆసిలేటర్ మొదలై, లోపల చిన్న నియాన్ దీపం మిణుకుమంటుంది. పక్కనే ఉన్న, వెలుతురుకు స్పందించే రెసిస్టర్ శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. కాబట్టి పెడల్ లేకపోతే స్పీడ్, ఇంటెన్సిటీ మరలు ఎంత తిప్పినా దండగే. అదే కంపెనీ ప్రిన్స్‌టన్ రివర్బ్‌లో ఇందుకు విరుద్ధం: పెడల్ లేకున్నా ట్రెమొలో పలుకుతుంది, గ్రౌండ్ చేస్తే ఆగుతుంది. ఆ పద్ధతే ఇక్కడా ఉంటే ఎంత హాయి!

గుణుపురంలో క్రిస్మస్ కార్యక్రమం మధ్యలో, నెమ్మది పాట ఒకటి వాయిస్తుండగా ట్రెమొలో చచ్చిపోయింది. వాల్వు పోయిందన్నారు అందరూ. పర్లాకిమిడి తిరిగివచ్చి, నది దాటి పాతపట్నంలో ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆంప్ మూత ముట్టుకోలేదు. "ముందు ఈ తీగ సంగతి చూద్దాం బాబూ" అని మీటరు కొనలు ప్లగ్ నడిమి పిన్నుకూ పై కవచానికీ ఆనించి, పెడల్ నొక్కమన్నారు. తీగ కలిసి ఉంటే కూయాల్సిన మీటరు కూయలేదు. ప్లగ్ తొడుగు వెనక్కి లాగితే కవచంగా ఉండే అల్లిక తీగ వానాకాలం తేమకు పచ్చగా చిలుము పట్టి, టంకం దగ్గర తెగి వేలాడుతోంది. దాన్ని అతికి, మరో ఆర్‌సీఏ ప్లగ్‌లో నడిమి పిన్నునూ కవచాన్నీ చిన్న తీగతో కలిపి టంకం వేసి ఇచ్చారు. అది జాక్‌లో గుచ్చితే చాలు, పెడల్ అక్కర్లేకుండా ట్రెమొలో పలుకుతుంది. వద్దనుకుంటే ఇంటెన్సిటీ సున్నాకు తిప్పడమే. ఆ ప్లగ్ నా గిటారు పెట్టెలోంచి కదలదు. (దీనికీ కరెంటు మూడో పిన్ను ఎర్త్‌కూ సంబంధం లేదు, అది విడిగా ఉండి తీరాలి.)

ఆపితే ట్రెమొలో ఉన్నట్టే తెలియదని మిత్రులకు చెబుతుండేవాడిని. పూర్తిగా అలా కాదు. ఇంటెన్సిటీ మర శబ్దమార్గంలోనే ఉండి కొంత బలాన్ని లాగేస్తుంది. ఆ మర తీగ విప్పి వినిపించారు పెద్దాయన, చానల్ గట్టిగా పలికింది. అయినా తిరిగి అతికించేయమన్నాను.

నేను ఎక్కువగా మా ప్రార్థనా మందిరంలో ఒకే మూల కూర్చుని వాయిస్తాను, కాబట్టి నాకు ఇదే సరిపోతుంది. రాయగడ, కొరాపుట్ ఘాట్ రోడ్ల మీద ఆంప్ మోసుకుంటూ తిరిగేవారికి మాత్రం దీన్ని కొనమని నేను గట్టిగా చెప్పలేను. కొంటే ఆ చిన్న ప్లగ్ చేయించుకునే కొనండి.