కిట్ లెన్స్ దగ్గరే ఆగిపోయేవాళ్లకు మిర్రర్‌లెస్ దండగ: కెనన్ ఆర్50, జి7 ఎక్స్ మార్క్ 3 పక్కపక్కన

లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ కెమెరా కెనన్ ఆర్50 కొనాలా, అదే కంపెనీ లెన్స్ మారని చిన్న కెమెరా జి7 ఎక్స్ మార్క్ 3 కొనాలా అని ఊగిసలాడుతూ షాపుకెళ్తే మొదట వినపడే మాట: "సెన్సర్ పెద్దది సార్, మిర్రర్‌లెస్సే తీసుకోండి." సెన్సర్, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్, పెద్దదన్నది నిజమే. ఆర్50లో ఉన్నది 22.3 × 14.9 మి.మీ. ఏపీఎస్-సి సెన్సర్. జి7 ఎక్స్‌లో ఉన్నది 13.2 × 8.8 మి.మీ. దీన్ని '1 అంగుళం సెన్సర్' అంటారు గానీ ఎటు కొలిచినా అంగుళం రాదు. పాత వీడియో ట్యూబుల కొలతల నుంచి మిగిలిపోయిన పేరది. వైశాల్యం చూస్తే ఆర్50ది దాదాపు 2.9 రెట్లు. అయితే ఆ పెద్ద సెన్సర్ ముందు డబ్బాలో ఏ లెన్స్ పెట్టి ఇస్తున్నారో మాత్రం అమ్మేవాళ్లు అడిగితే తప్ప చెప్పరు.

ఆర్50తో డబ్బాలో వచ్చే కిట్ లెన్స్ 18-45 మి.మీ., ఎఫ్/4.5-6.3. ఈ ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు రానిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్మ్ సైజు) లెక్కలో 29-72; అంకె చిన్నదైతే వెడల్పుగా, పెద్దదైతే దగ్గరగా కనిపిస్తుంది. జి7 ఎక్స్‌కు అతికి ఉన్నది 24-100 లెక్కకు సరిపోయే జూమ్, ఎఫ్/1.8-2.8. కుండ పెద్దదే, మూతి మాత్రం సన్నం. వైడ్ వైపు ఎఫ్/1.8కీ ఎఫ్/4.5కీ మధ్య రెండున్నర స్టాపులకు పైనే తేడా; ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది. సెన్సర్ పెద్దది కావడం వల్ల ఆర్50కు తిరిగి దక్కేది ఒకటిన్నర స్టాపు. అంటే చీకట్లో కిట్ లెన్స్‌తో ఉన్న మిర్రర్‌లెస్ కన్నా జేబులో పట్టే కెమెరాయే ఒక స్టాపు ముందుంటుంది. జూమ్ చివరన కూడా ముప్పావు స్టాపు దానిదే పైచేయి.

పెళ్లి మండపంలో ఇది ఇలా కనిపిస్తుంది. జూమ్ చివరికి లాగి, షట్టర్ సెకనులో 1/125వ వంతు దగ్గర పెట్టి జి7 ఎక్స్‌తో ఐఎస్‌ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె; పెరిగేకొద్దీ ఫొటో గరగరలాడుతుంది) 1600లో వచ్చే ఫొటోకి, అదే వెలుతురులో కిట్ లెన్స్ ఉన్న ఆర్50 ఐఎస్‌ఓ 8000 అడుగుతుంది. పెద్ద సెన్సర్ 8000ను బాగానే మోస్తుంది గానీ, 1600లో ఉన్న చిన్న సెన్సర్ కన్నా శుభ్రంగా మాత్రం ఇవ్వలేదు. ఇంటికొచ్చి పట్టుచీర జరీ దగ్గర జూమ్ చేసి చూసినప్పుడు ఈ తేడా బయటపడుతుంది.

వెనక బ్లర్ సంగతీ అంతే. దానికో తేలిక లెక్క ఉంది: అసలు ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగించండి. ఒకే మనిషిని ఒకే సైజు ఫ్రేములో తీసినప్పుడు దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ ఎంత కరుగుతుందో ఆ వచ్చిన సంఖ్య చెబుతుంది. కిట్ లెన్స్ చివరన 45 ÷ 6.3, అంటే 7 మి.మీ. జి7 ఎక్స్ చివరన 36.8 ÷ 2.8, అంటే 13 మి.మీ. పోర్ట్రెయిట్ కోసం మిర్రర్‌లెస్ కొని, బ్లర్ రాలేదని దిగాలుపడేవాళ్లందరి సమస్యకూ మూలం ఈ 7.

ఇక్కడిదాకా చదివి చిన్న కెమెరానే కొనేద్దామని లేవకండి. అదే ఆర్50కు ఆర్‌ఎఫ్ (ఆర్50కు అమిరే కెనన్ లెన్స్ బిగింపు) 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే 50 ÷ 1.8, దాదాపు 28 మి.మీ. జి7 ఎక్స్ దరిదాపుల్లోకి రాదు. వెలుతురు కూడా కిట్ లెన్స్ చివరన వచ్చే దానికి 12 రెట్లు. 160 గ్రాముల ఈ లెన్స్ కెనన్ ఆర్‌ఎఫ్ లెన్సుల్లో బాగా చవకైన వాటిలో ఒకటి. ఆర్50 మీద 80 మి.మీ. లెక్కకు వస్తుంది కాబట్టి ముఖాలకు సరిగ్గా సరిపోతుంది; ఇరుకు గదిలో నలుగురిని పట్టడానికి మాత్రం పనికిరాదు. ఒకే లెన్స్‌తో అన్నీ కావాలంటే సిగ్మా 18-50 ఎఫ్/2.8 ఆర్‌ఎఫ్ మౌంట్‌కు 2024లో వచ్చింది, 300 గ్రాములు. డబ్బు సర్దుబాటైతే బాడీ మాత్రమే కొని దాన్ని తగిలించడమే ఈ శ్రేణిలో అన్నిటికన్నా తెలివైన బేరం.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఆర్50 బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) లేదు. కిట్ లెన్స్‌లో ఉంది; పైన చెప్పిన 50 మి.మీ.లోనూ, సిగ్మాలోనూ లేదు. కిట్ లెన్స్‌తో 1/15 దగ్గర కూడా కదలకుండా ఫొటోలు తీసిన చెయ్యి, 50 మి.మీ. పెట్టగానే వణికిపోయినట్టు అనిపిస్తుంది. లెన్స్ చెడిపోయిందని షాపుకు తిరిగెళ్లేముందు షట్టర్ 1/125కి తక్కువ కాకుండా పెట్టి చూడండి. తలంబ్రాలు గాల్లో ఆగాలంటే 1/500.

రెండో లెన్స్ ఎప్పుడో కొందాంలే అనుకుంటున్నారా? ఆ 'ఎప్పుడో' చాలా ఇళ్లలో రాదు. ఈ ఏడాదిలోపు కొనరని మీకే తెలిస్తే చిన్న కెమెరా తీసుకోండి.

దీనికి పెద్ద మినహాయింపు ఫోకస్. ఇందులో మాత్రం ఆర్50కు పోటీయే లేదు. దానిది డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్. మనిషి కన్ను, కుక్క, పక్షి, వాహనం వెతికి పట్టుకుని వదలదు. జి7 ఎక్స్ మార్క్ 3ది కాంట్రాస్ట్ పద్ధతి. అంటే లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, ఎక్కడ స్పష్టంగా ఉందో వెతుక్కుంటుంది. నిలబడ్డ మనిషిని సుబ్బరంగా పడుతుంది. పరుగెత్తే పిల్లాడు, వీడియోలో కెమెరా వైపు నడిచొచ్చే మనిషి అయితే ఫోకస్ వెనక గోడ మీదికి జారి, మళ్లీ ముఖం మీదికి వస్తుంది. ఆ ఊగడం రికార్డయిపోతుంది. రెండేళ్ల పిల్లలున్న ఇంట్లో కిట్ లెన్స్‌తోనైనా సరే ఆర్50యే మేలు. కాస్త గరగరలాడినా ఫోకస్‌లో ఉన్న ఫొటో పనికొస్తుంది, శుభ్రంగా ఉండి ఫోకస్ తప్పింది పనికిరాదు. చిన్న సైజూ, గట్టి ఫోకసూ రెండూ కావాలంటే సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 ఉంది: 24-200 జూమ్, వెతుక్కోకుండా నేరుగా ఫోకస్ పట్టే ఫేజ్ డిటెక్షన్, పైకి లేచే వ్యూఫైండర్, 302 గ్రాములు. కాకపోతే లెన్స్ ఎఫ్/2.8-4.5 కాబట్టి చీకట్లో జి7 ఎక్స్ అంత ఉదారంగా ఉండదు.

జేబు సంగతి. జి7 ఎక్స్ 304 గ్రాములు, మందం 41 మి.మీ. ప్యాంటు జేబులో ఉబ్బెత్తుగా ఉంటుంది గానీ పడుతుంది. ఆర్50 కిట్ లెన్స్‌తో 505 గ్రాములు. బరువు కన్నా ఆకారమే ఇబ్బంది, దానికంటూ ఒక సంచి కావాలి. ఆ సంచి మెళ్లో వేసుకుని తిరగడం ఇష్టం లేకే చాలా కెమెరాలు బీరువాలో పడుంటాయి. లేపాక్షి మండపంలో పైకప్పు వర్ణచిత్రాలు తీసేటప్పుడు వెనక్కి జరిగే చోటు ఉండదు. అక్కడ 24కీ 29కీ తేడా తెలుస్తుంది, జి7 ఎక్స్‌లో ఇంకో స్తంభం వరకూ వస్తుంది. తిరుమల ఆలయంలోకి ఏ కెమెరానూ రానివ్వరు కాబట్టి ఆ ప్రయాణానికి ఏది కొన్నా ఒకటే.

వీడియో తీసేవాళ్లు కొన్నరోజే చెయ్యాల్సిన పని ఒకటుంది: మెనూలో వీడియో సిస్టమ్‌ను పాల్‌కు (సెకనుకు 25 ఫ్రేముల పద్ధతి) మార్చడం. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎన్‌టీఎస్‌సీలో 30 ఫ్రేములు పెట్టి, 1/60 షట్టర్‌తో ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు ఉన్న ఫంక్షన్ హాల్లో తీస్తే బొమ్మ మీద చారలు కిందికీ పైకీ పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 పెడితే పోతాయి. ఫొటోల్లో అడ్డపట్టీలు పడుతుంటే సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఆపేసి 1/50 గానీ 1/100 గానీ వాడాలి. 4కెలో జి7 ఎక్స్ ఒక క్లిప్‌ను 9 నిమిషాల 59 సెకన్లకు ఆపేస్తుంది. ఆర్50 గంటదాకా సాగుతుంది. కూచిపూడి అరంగేట్రం మొత్తం తీయాలనుకునేవాళ్లకు ఈ ఒక్క ముక్కతో తేలిపోవాలి. మైక్ పెట్టుకునే 3.5 మి.మీ. రంధ్రం రెంటికీ ఉంది, హెడ్‌ఫోన్‌ది దేనికీ లేదు. పట్టపగలు వీడియోకు జి7 ఎక్స్‌లో వెలుతురు తగ్గించే మూడు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ లోపలే ఉంది. ఆర్50కు లెన్స్ ముందు విడిగా కొని బిగించుకోవాలి.

రెంటిలోనూ ఎగిరి లేచే చిన్న ఫ్లాష్ ఉంది. పెద్ద ఫ్లాష్ కావాలనుకుంటే జి7 ఎక్స్‌ను పక్కన పెట్టండి, దానికి హాట్‌షూ (పైన ఫ్లాష్ బిగించే గాడి) లేదు. ఆర్50కు ఉందిగా అనుకుని ఇంట్లో ఉన్న పాత ఫ్లాష్ బిగిస్తే అది వెలగదు. ఆర్50లోది కొత్తరకం షూ, పాత ఫ్లాష్‌ల అడుగున ఉండే పిన్నులకు తగలాల్సిన లోహపు చుక్కలు అందులో లేవు. ఏడీ-ఈ1 అనే అడాప్టర్ విడిగా కొనాలి. ఫ్లాష్ కొన్నాక తెలిసే ఖర్చు కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

బ్యాటరీ కంపెనీ లెక్కన స్క్రీన్ చూస్తూ తీస్తే ఆర్50కు 370 ఫొటోలు, జి7 ఎక్స్‌కు 235. ఏదైనా రెండో బ్యాటరీ తప్పదు: ఆర్50కు ఎల్‌పీ-ఈ17, జి7 ఎక్స్‌కు ఎన్‌బీ-13ఎల్. టైప్-సి రంధ్రం ఉంది కదా అని ఇంట్లో ఉన్న పాత ఫోన్ చార్జర్ పెడితే చాలాసార్లు ఎక్కదు. పీడీ (పవర్ డెలివరీ) ఉన్న చార్జర్ కావాలి. మెమరీ కార్డు వీ30 (వీడియో రాసే వేగం) గుర్తున్న 64 జీబీ చాలు. ఆర్50 4కె మామూలు సెట్టింగులో సెకనుకు 120 మెగాబిట్లు రాస్తుంది, అంటే 64 జీబీలో గంటా పది నిమిషాలు. నకిలీ కార్డులు ఎక్కువ. కొన్నరోజే ల్యాప్‌టాప్‌లో పెట్టి కార్డంతా ఒకసారి నింపి, తిరిగి చదివించి చూడండి. నకిలీదైతే సగంలోనే ఫైళ్లు పాడవుతాయి.

చెడిపోయే తీరు దేనిది దానిదే. జి7 ఎక్స్ లెన్స్ లోపలికీ బయటికీ జరిగే ప్రతిసారీ గాలితోపాటు దుమ్మునూ పీల్చుకుంటుంది. దుమ్ము సెన్సర్ మీద చేరితే విప్పి తుడుచుకోవడం మన చేతిలో పని కాదు, సర్వీసు సెంటరే. బీచ్‌లో ఇసుకరేణువు గొట్టం సందులో ఇరుక్కుంటే లెన్స్ సగంలో ఆగి, తెర మీద లెన్స్ ఎర్రర్ వస్తుంది. అప్పుడు చేత్తో నెట్టకండి, లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రాలు విరుగుతాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో కెమెరా తీసేముందు చెయ్యి దులుపుకోవడం, తీశాక వెంటనే ఆపేయడం చాలావరకు కాపాడతాయి. ఆర్50లో దుమ్ము లెన్స్ మార్చేటప్పుడు పడుతుంది. బాడీ ఆపి, లెన్స్ బిగించే నోరు కిందికి పెట్టి, కొత్త లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి ఉంచుకుని మార్చాలి. పడ్డ దుమ్ముకు రబ్బరు బ్లోయర్ చాలు. నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది, అది బ్లోయర్‌కు లొంగదు.

బూజు రెంటికీ శత్రువే. కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం నాలుగు నెలలు తోలు కవరులో పెట్టి బీరువాలో ఉంచితే లెన్స్ లోపల సాలెగూడులా మొలుస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, వెంట ఒక చిన్న తేమ మీటరు. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఆర్50కు బూజు పడితే పోయేది ఒక లెన్స్. జి7 ఎక్స్‌కు పడితే మొత్తం కెమెరా.

కొనేచోట. జి7 ఎక్స్ మార్క్ 3 వచ్చింది 2019లో. సోషల్ మీడియా పుణ్యమా అని ఈ మధ్య మళ్లీ గిరాకీ పెరిగి, సరుకు దొరకడం కష్టమైంది. కోఠీలో అయినా ఆన్‌లైన్‌లో అయినా డబ్బా మీద దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ లేకపోతే అది దొడ్డిదారిన వచ్చిన సరుకు. ఇక్కడి వారంటీ ఉండదు. స్టిక్కర్ ఉంటే దాని మీద ఉన్న ధరకు మించి అడగడం చట్టప్రకారం కుదరదు. బిల్లులో జీఎస్‌టీ నంబరూ, కెమెరా సీరియల్ నంబరూ రాయించుకోండి; కెమెరా మీద ఉన్న నంబరుతో సరిచూడండి. జపాన్ నుంచి ఎవరైనా సోనీ తెస్తామంటే మెనూ భాష ముందే అడగండి. అక్కడి దేశీయ మోడళ్లలో జపనీస్ తప్ప వేరే భాష ఉండదు.

సెకండ్ హ్యాండ్ జి7 ఎక్స్ చూసేటప్పుడు పది నిమిషాలు చాలు. ఆన్, ఆఫ్ పదిసార్లు చెయ్యండి; లెన్స్ గరగరమంటున్నా, ముందు రేకులు పూర్తిగా తెరుచుకోకపోయినా వద్దనండి. జూమ్ చివరికి లాగి గొట్టాన్ని వేలితో మెల్లగా కదపండి, కొంచెం ఆడటం మామూలే, ఒకవైపు వాలితే కాదు. ఎఫ్/11 పెట్టి తెల్లగోడను ఫోకస్ లేకుండా తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. జూమ్ మార్చినా అదే చోట బూడిదరంగు చుక్కలుంటే అది సెన్సర్ మీది దుమ్ము, శుభ్రం చేయించే ఖర్చు ధరలోంచి తీసేయమనండి. చివరగా, అట్టల పేర్లు చదవగలిగేలా ఉన్న పుస్తకాల అరను నేరుగా ఎదురు నిలబడి తీయండి. ఎడమ అంచున అక్షరాలు స్పష్టంగా ఉండి కుడి అంచున చెదిరితే ఆ కెమెరా ఎప్పుడో కిందపడి ఉండొచ్చు.