యూనా కిమ్, మావో అసాదా: ఎవరి లెక్క ఎక్కడ తేలింది?

మంచు మీద పోటీపడే ఈ ఫిగర్ స్కేటర్లు ఇద్దరూ 1990 సెప్టెంబరులోనే పుట్టారు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో కొరియా అమ్మాయి కిమ్‌కు 228.56 పాయింట్లతో స్వర్ణం, జపాన్ అమ్మాయి అసాదాకు 205.50తో రజతం దక్కాయి.

అసలు తేడా జంప్‌ల ఎంపికలో ఉంది. అసాదా ఆయుధం ట్రిపుల్ ఆక్సెల్. ముఖం ముందుకు పెట్టి ఎగరాలి కాబట్టి గాలిలో మూడున్నర చుట్లు పడతాయి. పావు చుట్టు తగ్గినా మార్కులకు కోతే. ఆ ఒలింపిక్స్‌లో ఆమె మూడు ఆక్సెళ్లు దింపింది. షార్ట్ ప్రోగ్రామ్‌లో (మొదటి, చిన్న ప్రదర్శన) దానికి డబుల్ టో లూప్ (రెండు చుట్ల మరో జంప్) జోడిస్తే మూల విలువ, అంటే ముందే నిర్ణయించిన మార్కులు, 9.5. కిమ్ వేసిన ట్రిపుల్ లట్జ్–ట్రిపుల్ టో లూప్ జంట జంప్‌లకు 10. అంత సాహసానికి దక్కింది అర పాయింటు తక్కువ! పైగా కిమ్ వేగం, ఎత్తు చూసి న్యాయనిర్ణేతలు అదనంగా కలిపారు.

లట్జ్ అసాదాకు చిక్కే. ఎడమ కాలి బయటి అంచు మీంచి ఎగరాల్సింది, చివరి క్షణంలో బ్లేడు లోపలి అంచుకు ఒరిగేది.

ప్రపంచ టైటిళ్లలో అసాదాదే పైచేయి: 2008, 2010, 2014. కిమ్‌కు 2009, 2013. నిలకడలో మాత్రం కిమ్‌కు సాటి లేదు. పోటీపడిన ప్రతిచోటా పతకమే. అసాదా 2014 సోచీ ఒలింపిక్స్ షార్ట్ ప్రోగ్రామ్‌లో 16వ స్థానానికి జారి, మర్నాడు ఫ్రీ స్కేట్‌లో (రెండో, పొడవైన ప్రదర్శన) 142.71 సాధించి మొత్తం మీద ఆరో స్థానానికి ఎగబాకింది. ఒక్క ప్రదర్శనే చూడాలంటే నా ఓటు దానికే.