ఆటోపీకేజీటెస్ట్ ఫెయిలైతే ఎక్కడ వెతకాలి: ఎస్‌ఛ్‌రూట్, ఎల్‌ఎక్స్‌సీ, క్యూఎము… ఏది మేలు?

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లో అప్‌లోడ్ చేసిన ప్యాకేజీ, కొత్తవి ముందు చేరే అన్‌స్టేబుల్ నుంచి తర్వాతి విడుదల తయారయ్యే టెస్టింగ్‌కి వెళ్లకుండా ఆగిపోయిందంటే, తరచూ దానికి కారణం ఆటోపీకేజీటెస్ట్ (ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీ పనిచేస్తోందో చూసే ఆటోమేటిక్ టెస్ట్) రిగ్రెషన్. అంతకుముందు పాసైన టెస్ట్ ఇప్పుడు ఫెయిలైందన్నమాట. దాన్ని మన మెషీన్‌లో మళ్లీ ఫెయిల్ చేయించి చూడటానికి దారులు చాలానే ఉన్నాయి.

ముందు లాగ్ చివర చూడండి. 'బ్యాడ్‌పీకేజీ' అని ఉంటే టెస్ట్ అసలు మొదలే కాలేదు, దానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలు (డిపెండెన్సీలు) కుదరలేదు. 'స్టడ్‌ఎర్ర్' అని ఉంటే టెస్ట్ సక్రమంగానే ముగిసింది కానీ ఎర్రర్ అవుట్‌పుట్‌లో ఏదో ఒక లైను పడింది. పైథాన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు డెప్రికేషన్ వార్నింగులతో ('ఈ ఫీచర్ ఇక తీసేస్తాం' అనే హెచ్చరికలు) ఇలా జరుగుతుంటుంది. ఆ వార్నింగ్ ప్రమాదం లేనిదైతే టెస్ట్ కంట్రోల్ ఫైల్‌లో 'అలౌ-స్టడ్‌ఎర్ర్' పెడితే సరిపోతుంది. ఈ రెండింటికీ వర్చువల్ మెషీన్ కట్టుకుని కూర్చోవడం టైమ్ వేస్ట్.

నిజంగా టెస్టే విరిగితే అందరికీ ముందు గుర్తొచ్చేది ఎస్‌ఛ్‌రూట్, అంటే మన సిస్టమ్‌లోనే వేరే రూట్ డైరెక్టరీలో కట్టుకునే చిన్న పరిసరం. ప్యాకేజీ బిల్డ్ కోసం చాలామంది దగ్గర అది ముందే ఉంటుంది, తేలిక, వేగం. కమాండ్‌లైన్ టూల్, లైబ్రరీ లాంటివాటికి అది చాలు. సర్వీసుల దగ్గరే చిక్కు. అందులో సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి నడిపేది) నడవదు. 'ఐసొలేషన్-కంటైనర్' (కనీసం కంటైనర్ ఉండాలనే షరతు) కావాలన్న టెస్టులను అది నడపకుండా స్కిప్ చేస్తుంది. ఎర్రగా ఏమీ కనబడదు కాబట్టి పాసైందనుకుంటాం. ఎగ్జిట్ కోడ్ చూడండి: 2 వస్తే కొన్ని స్కిప్ అయ్యాయి, 8 వస్తే అన్నీ స్కిప్ అయ్యాయి లేదా టెస్టులే లేవు, 4 వస్తే ఫెయిలైనట్టు.

నా ఓటు ఎల్‌ఎక్స్‌సీకే, అంటే మొత్తం సిస్టమ్‌లా నడిచే లినక్స్ కంటైనర్లకే. డెబియన్ సీఐ (ఈ టెస్టులను ఆటోమేటిక్‌గా నడిపే వ్యవస్థ) కూడా ఎక్కువ టెస్టులను ఇలాంటి కంటైనర్లలోనే నడుపుతుంది. సిస్టమ్‌డీ నడుస్తుంది, సర్వీసులు లేస్తాయి, ఒకసారి ఇమేజ్ తయారయ్యాక కంటైనర్ చకచకా మొదలవుతుంది. దీనికి 'షెల్-ఫెయిల్' ఆప్షన్ జోడిస్తే టెస్ట్ విరిగిన చోటే, ఏదీ చెరిపేయకముందే, షెల్ మన చేతికొస్తుంది. మిగిలిపోయిన తాత్కాలిక ఫైళ్లూ సర్వీస్ లాగులూ అక్కడే చూసుకోవచ్చు. లాగ్‌ను వందసార్లు చదివే కన్నా ఇది నయం.

పూర్తి వర్చువల్ మెషీన్ నడిపే క్యూఎము ఎందుకు మరి? కంటైనర్ మన హోస్ట్ కెర్నల్‌నే వాడుకుంటుంది. కెర్నల్ మాడ్యూల్ ఎక్కించే టెస్టులూ, 'ఐసొలేషన్-మెషీన్' అని రాసినవీ అందులో కుదరవు. వాటికి పూర్తి మెషీన్ కావాల్సిందే. కేవీఎం (వర్చువల్ మెషీన్‌కు ప్రాసెసర్ నుంచే అందే సాయం) ఉంటే హాయి, లేకపోతే నత్తనడక. ఉబుంటు వాళ్లు మాత్రం చాలా ఆర్కిటెక్చర్ల మీద వర్చువల్ మెషీన్లలోనే నడుపుతారు కాబట్టి, అక్కడి ఫెయిల్యూర్ కోసమైతే క్యూఎముతోనే మొదలుపెట్టడం మంచిది.

ఇంత చెప్పినా, ఏ పెట్టెలో నడిపామన్నదాని కన్నా అందులో ఏ ప్యాకేజీలు ఉన్నాయన్నదే చాలాసార్లు తేడా తెస్తుంది. దీని మీద మాత్రం ఎవరూ అంతగా చర్చించరు! మైగ్రేషన్ కోసం సీఐ నడిపేది పూర్తి అన్‌స్టేబుల్‌లో కాదు. టెస్టింగ్ తీసుకుని, మనం అప్‌లోడ్ చేసిన ప్యాకేజీని, తప్పదనుకుంటే దానికి అవసరమైనవాటిని మాత్రమే అన్‌స్టేబుల్ నుంచి తెస్తుంది. మన మెషీన్‌లో అంతా అన్‌స్టేబుల్ పెట్టుకుని నడిపితే టెస్ట్ పాసవుతుంది, సీఐలో ఫెయిలవుతూనే ఉంటుంది, మనకేమో టెన్షన్. టెస్టింగ్ ఇమేజ్ మీద 'యాడ్-ఆప్ట్-రిలీజ్' ఆప్షన్‌తో అన్‌స్టేబుల్ చేర్చి, 'పిన్-ప్యాకేజెస్' ఆప్షన్‌తో ఆ ఒక్క సోర్స్ ప్యాకేజీ మాత్రమే అన్‌స్టేబుల్ నుంచి వచ్చేలా పిన్ చేస్తే అదే ఫెయిల్యూర్ ఇక్కడా కనబడే అవకాశం ఎక్కువ. అలా తేలేది తరచూ కోడ్‌లో బగ్ కూడా కాదు, డిపెండెన్సీలో కనీస వెర్షన్ రాయకపోవడమో, పాత ప్యాకేజీ మీద 'బ్రేక్స్' (ఆ వెర్షన్‌తో కలిసి పనిచేయదనే గుర్తు) పెట్టకపోవడమో.

రీట్రై నొక్కి చూడటం కూడా ఒక దారే. నెట్‌వర్క్ వల్ల, ప్యాకేజీలు దించుకునే మిర్రర్ సర్వర్ వల్ల పోయిందని లాగ్‌లో స్పష్టంగా ఉంటే తప్పులేదు. ఊరికే నొక్కితే మాత్రం అప్పుడప్పుడూ ఫెయిలయ్యే టెస్ట్ తాత్కాలికంగా పచ్చబడి, వచ్చే అప్‌లోడ్‌కి మళ్లీ అడ్డుపడుతుంది.

ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆర్కిటెక్చర్) మీద మాత్రమే ఫెయిలైతే పై లెక్కలేవీ పనిచేయవు. అది బిగ్ ఎండియన్, అంటే సంఖ్యలోని బైట్లను పెద్ద విలువ ఉన్నదానితో మొదలుపెట్టి దాస్తుంది. మామూలు పీసీల్లో ఉండే, దీనికి వ్యతిరేక క్రమం వాడే ఏఎండీ64 మీద ఎన్ని కంటైనర్లు కట్టినా ఆ తప్పు బయటపడదు. డెబియన్ డెవలపర్లయితే ఆ ఆర్కిటెక్చర్ మీదే నడిచే పోర్టర్‌బాక్స్ అనే డెబియన్ మెషీన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. కానివాళ్లు అందులో గెస్ట్ అకౌంట్ అడగొచ్చు, లేదంటే క్యూఎములో ఎమ్యులేషన్‌తో నడుపుకోవాలి. ఎంత నెమ్మదైనా ఇక్కడ గెలిచేది అదే.